ఒక్క సీసా నీళ్లు, నలుగురి చదువు

(నల్గొండలో డిగ్రీ, పీజీ సైన్సు విద్యార్థుల సమావేశంలో ఒక పరిశోధకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఈ సీసా చూడండి. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా కనిపించాలని పైకెత్తి పట్టుకున్నాను. మునుగోడు వైపు ఒక పల్లెలో, మా పెద్దమ్మ ఇంటి వెనక ఉన్న బోరులో నిన్న పొద్దున పట్టిన నీళ్లు ఇవి. తేటగా ఉన్నాయి. వాసన లేదు, నలక లేదు. ఎండలో నడిచి వచ్చినవాళ్ల చేతికి చెంబు నిండా ఇస్తే గుక్క తిప్పుకోకుండా తాగేస్తారు. ఈ నీళ్లు తాగడం వల్లే మా పెద్దమ్మ నడుము వంగిపోయింది. నిలబడి ఉన్నప్పుడు ఆమె ఎదుటి మనిషి ముఖం చూడలేదు. నేను ఊరికి వెళ్లగానే ముందు గడప మీద కూర్చుంటాను. అప్పుడే ఆమె నన్ను చూడగలుగుతుంది.

ఉమ్మడి పరిశోధన కేంద్రాల్లో పీహెచ్‌డీ చేయడం వల్ల కలిగే మేలు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ మేలు ఏమిటో నేను ఈ సీసాతోనే చెప్పగలను. నేను పరిశోధనలోకి వచ్చింది ఈ నీళ్ల కోసం. నలుగురు నాలుగు రకాల శాస్త్రాలు చదివే చోట చేరకపోయి ఉంటే, ఈ నీళ్ల గురించి ఒక పెద్ద తప్పును నా థీసిస్‌లో రాసి, దానికి డాక్టరేట్ కూడా తీసుకుని ఉండేదాన్ని. ఆ తప్పు దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఈ సీసాను ఒక రసాయన శాస్త్రవేత్త చేతికిస్తే, ఇందులో ఫ్లోరైడ్ ఎంత ఉందని అడుగుతాడు. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. ఈ సీసాలో 4 దాటింది. భూగర్భ శాస్త్రవేత్తకిస్తే, ఇది ఏ రాతిలోంచి వచ్చింది, ఆ రాతిలో ఎన్నేళ్లు నిలిచిందని అడుగుతుంది. వైద్యుడు మా పెద్దమ్మ వెన్నెముక ఎక్స్‌రే అడుగుతాడు. పోషకాహార నిపుణురాలు ఆమె ఏం తింటుంది, పాలు తాగుతుందా, జొన్న రొట్టెనా వరి అన్నమా అని అడుగుతుంది. ఇంజనీరు ఫ్లోరైడ్‌ను ఎలా తీసేయాలా అని చూస్తాడు. పల్లెలను చదివిన మనిషైతే, పోయినసారి పెట్టిన శుద్ధి యంత్రం ఎందుకు మూలపడిందని అడుగుతుంది. నీళ్లు అవే, ప్రశ్నలు ఆరు. ఏ ఒక్కరి డిగ్రీలోనూ ఈ ఆరూ పట్టవు.

మన జిల్లాలో ఈ ప్రశ్నలకు జవాబులు ఎలా వచ్చాయో చూడండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం 1970ల్లో. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ నీరి అని పిలిచే సంస్థ, ఫ్లోరైడ్ తీసేసే ఒక పద్ధతిని రూపొందించి దానికి మన ఊరి పేరే పెట్టింది. నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి వేసి కలుపుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న తెల్లటి తరకలు కిందికి దిగుతాయి, పై నీటిని వడకట్టుకుంటారు. చవక, కరెంటు లేకపోయినా బకెట్‌లో చేసుకోవచ్చు. ఈ పద్ధతి ఇథియోపియా, కెన్యా, టాంజానియా దాకా వెళ్లింది. ఇథియోపియాలోని రిఫ్ట్ లోయ పల్లెల గురించి రాసిన పరిశోధన పత్రంలో నల్గొండ అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నేను హాస్టల్ గదిలో లేచి నిలబడ్డాను.

అదే కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన పల్లెలకు వచ్చారు. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం గురించిన పత్రం అది. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఇక్కడ ఎముక గుల్లబారుతోందని వాళ్లు చూపించారు. నీళ్లతో పాటు తిండిని కూడా చూడాలన్న ఆలోచనకు అక్కడ బలం వచ్చింది. 1961 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, మన గ్రానైటు రాళ్లను, వాటి పగుళ్లలోని నీటిని చదువుతోంది.

అందరూ మంచి పనే చేశారు. పటికతో నీళ్లు బాగుచేసే పద్ధతి మాత్రం చాలా పల్లెల్లో నిలవలేదు. రోజూ నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున చేరిన మడ్డిని ఎవరో ఒకరు ఎత్తి ఎక్కడో పోయాలి. ఆ ఎవరో ఒకరు ఎవరు, వాళ్లకు కూలి ఎవరిస్తారు, ఆ మడ్డి పోయడానికి చోటు ఎక్కడ అన్నవి రసాయన శాస్త్రం లోపలి ప్రశ్నలు కావు. వాటిని అడిగే మనిషి మొదటి రోజు నుంచే ఆ బల్ల దగ్గర కూర్చుని ఉండాలి.

అడగాల్సింది జనమే అడిగారు. మీలో చాలామంది పుట్టకముందు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి దేశానికి తెలియాలని వేసిన నామినేషన్లు అవి. ఓటు పత్రం పుస్తకమంత తయారైంది. మా నాన్న ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పెంచుతాడు. 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే వాటర్ గ్రిడ్ పథకం పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత దాని పేరు మిషన్ భగీరథ అయింది, నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. మా పెద్దమ్మ ఇప్పుడు ఆ నీళ్లే తాగుతుంది. కానీ ఒకసారి వంగిన ఎముకను నిటారుగా చేసే మందు లేదు. పొలానికి, పశువులకు ఇప్పటికీ బోరే దిక్కు. అందుకే ఈ సీసా ఇంకా నా బల్ల మీద ఉంటుంది.

నా చదువు సంగతికి వస్తాను. నేను పీజీ చేసిన చోట ఒక మంచి పరికరం ఉండేది. గాజు బీరువాలో, గుడ్డ కప్పి, తాళం వేసి. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజు తాళం తీసేవారు. రెండేళ్లలో నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పీహెచ్‌డీకి వచ్చేసరికి నాకు తెలిసినదల్లా పుస్తకం. నేను చేరిన కేంద్రంలో మొదటి వారమే ఒక సాంకేతిక సహాయకుడు నన్ను కూర్చోబెట్టి నీళ్లలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను ఎలా పట్టుకోవాలో నేర్పాడు. దాని కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది, వేలు తగిలిస్తే పాడవుతుంది. ఆయనకు డాక్టరేట్ లేదు. ఆ కేంద్రంలో కొలత విషయంలో ఆయన మాటే ఆఖరి మాట. కొలిచేవాళ్లకు అంత గౌరవం ఉండే చోట చదవడం వల్ల నా చేతులు నేర్చుకున్నవి ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నాయి.

ఇప్పుడు ఆ తప్పు గురించి. రెండో ఏడాది నేను పటికతో శుద్ధి చేసిన నీళ్ల మీద పని చేస్తున్నాను. మోతాదులు మార్చి మార్చి చూశాను. ఒక మోతాదు దగ్గర ఫ్లోరైడ్ లీటరుకు సగం మిల్లీగ్రాము కంటే కిందికి దిగింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే అంకె. మా పెద్దమ్మ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నాల్లో మా కేంద్రంలో అందరం కూర్చుని, ఎవరి పని వాళ్లు మిగతావాళ్లకు చెప్పుకునేవాళ్లం. ఆ శుక్రవారం నా గ్రాఫు చూపించాను. పక్క గదిలో లోహాల మీద పని చేసే ఒక విద్యార్థి చేయెత్తి, నేను కొలతకు ముందు నీళ్లలో ఏ ద్రావణం కలిపానని అడిగాడు. చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, నీ నీళ్లలో పటిక మిగిలి ఉంది కదా, అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఎలక్ట్రోడ్‌కు విడిగా ఉన్న ఫ్లోరైడే కనిపిస్తుంది, పట్టుబడి ఉన్నది కనిపించదు అన్నాడు.

సభ ముగిశాక ఇద్దరం ల్యాబ్‌కు వెళ్లాం. అల్యూమినియాన్ని తన వైపు లాక్కుని ఫ్లోరైడ్‌ను వదిలిపెట్టే పదార్థం కలిసిన ద్రావణం వాడి, అవే నీళ్లను మళ్లీ కొలిచాం. అంకె 1.5 దాటింది. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, నీళ్లలోనే ఉంది. నా పరికరం నుంచి దాక్కుంది, అంతే.

ఆ రాత్రి నాకు బాధ కంటే భయం ఎక్కువ వేసింది. నా గైడు మంచి శాస్త్రవేత్త, నీటి శుద్ధిలో ఆయన పేరు చాలామందికి తెలుసు. కానీ లోహాల రసాయనం ఆయన రంగం కాదు. ఆయన, నేను ఇద్దరమే ఒక గదిలో ఉండి ఉంటే ఆ అంకె ముందు ఒక పత్రికలోకి, అక్కడి నుంచి ఏదో ఒక పథకంలోకి, చివరికి ఏదో ఒక ఊరి నీళ్ల ట్యాంకులోకి వెళ్లి ఉండేది. ఉమ్మడి కేంద్రం అంటే నా దృష్టిలో మొదటి అర్థం ఇదే. నీ తప్పు ఊరి దాకా పోకముందే పక్క గదిలో దొరుకుతుంది.

ఒక్క గైడు దగ్గర చేసే పీహెచ్‌డీని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. గణితంలో, చాలా సిద్ధాంత విషయాల్లో మంచి పని అలాగే జరిగింది, జరుగుతోంది. ఒక గురువు పక్కన అయిదేళ్లు కూర్చోవడం చిన్న భాగ్యం కాదు. అయితే ఆ గురువుకు బదిలీ అయినా, ఆరోగ్యం బాగుండకపోయినా, మీ మీద అలిగినా మీ చదువు ఆగిపోతుంది. నా స్నేహితురాలు ఒకరు ఒక్క సంతకం కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూసి, ఆఖరికి చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె నాకంటే తెలివైనది. మా కేంద్రంలో ప్రతి విద్యార్థికీ ముగ్గురు నలుగురు పెద్దలతో ఒక సలహా సంఘం ఉండేది. ఆరు నెలలకోసారి వాళ్ల ముందు కూర్చుని ఏం చేశానో, ఎక్కడ ఆగిపోయానో చెప్పాలి. మా గైడుకూ నాకూ ఒకసారి మాట పడలేదు. ఆ సంఘంలోని ఒక మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. అడుగుదామంటే మరో మనిషి ఉండటం ఆడపిల్లలకు ఎంత ధైర్యమో ఇక్కడున్న చెల్లెళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండో విషయం భాష. ఇంగ్లిష్ సంగతి కాదు నేను చెప్పేది, ఒక శాస్త్రం వాళ్ల మాట మరో శాస్త్రం వాళ్లకు అర్థం కావడం. నార్మల్ అన్న మాట తీసుకోండి. వైద్యుడు నార్మల్ అంటే ఆరోగ్యంగా ఉందని. గణాంక శాస్త్రం చదివినవాళ్లు నార్మల్ అంటే గంట ఆకారంలో ఉండే ఒక వక్రరేఖ. రసాయన శాస్త్రం వాళ్ల చేతిలో నార్మల్ అంటే ఒక గాఢత ఉన్న ద్రావణం. ముగ్గురూ ఒకే సమావేశంలో ఆ మాట వాడితే ఎవరు ఏ అర్థంలో వాడారో తేల్చుకోవడానికే అరగంట పడుతుంది. మొదట్లో ఆ అరగంటలు నాకు వృథా అనిపించేవి. అక్కడే ఎక్కువ నేర్చుకున్నానని తర్వాత తెలిసింది. మీ పనిని మీ రంగం కాని మనిషికి చెప్పాలంటే ముందు అది మీకు పూర్తిగా తెలియాలి.

ఆ మాటల మధ్యలోనే ఒకరోజు పప్పు సంగతి వచ్చింది. మా బోరు నీళ్లు చాలా మంచివి, పప్పు ఇట్టే ఉడికిపోతుంది అని మా పెద్దమ్మ ఎప్పుడూ అనేది. ఈ మాట నేను భోజనాల దగ్గర ఏదో సందర్భంలో చెప్పాను. మాతో పాటు కూర్చున్న భూగర్భ శాస్త్ర విద్యార్థిని తినడం ఆపేసింది. పప్పు ఉడకనివ్వనిది నీళ్లలో ఉండే సున్నం, అంటే కాల్షియం. సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు త్వరగా మెత్తబడుతుంది. ఫ్లోరైడ్ కూడా అలాంటి నీళ్లలోనే ఎక్కువగా కరిగి ఉండగలదు, ఎందుకంటే కాల్షియం ఉంటే దాన్ని పట్టుకుని అడుగుకు దింపేస్తుంది. గ్రానైటు రాళ్లలోని నల్ల అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లలో కాల్షియం తక్కువైతే అక్కడే ఉండిపోతుంది. వంటింట్లో మంచి నీళ్లకు గుర్తుగా పెట్టుకున్నదే ఇక్కడ ప్రమాదానికి గుర్తు కావచ్చు. పప్పు త్వరగా ఉడికే ప్రతి బోరులోనూ ఫ్లోరైడ్ ఉందని కాదు, దయచేసి అలా ప్రచారం చేయకండి. కానీ ఆ వారం మేం ఏ బోర్లను ముందు పరీక్షించాలన్న జాబితా మార్చుకున్నాం. పెద్దమ్మ చెప్పిన ముక్క, నేను చదివిన రసాయనం, ఆ అమ్మాయి చదివిన రాళ్లు ఒక్క పళ్లెం దగ్గర కలిశాయి.

వంటిల్లు అన్నాను కాబట్టి చింతపండు గురించి కూడా చెప్పాలి. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. దీన్ని మందు అనుకోవద్దు. కానీ చారు, పులుసు లేకుండా పూట గడవని మన ఇళ్లలోంచి ఒక ప్రశ్నను ప్రయోగశాలకు తీసుకెళ్లవచ్చన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇక వైద్యుల దగ్గర నేను నేర్చుకున్నది మరొకటి ఉంది. సీసాలో ఎంత ఉందన్న దానితో లెక్క అయిపోదు, రోజుకు ఎన్ని చెంబులు తాగుతారన్నది కూడా చూడాలి. మే నెల ఎండలో చేలో పని చేసే కూలీ, ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగి ఒకే నీళ్లు తాగినా వాళ్ల ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ ఒకటి కాదు.

మన పక్కనే ఉన్న ఒక చోటు గురించి మీకు తెలియాలి. చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్‌ఐకి ఒక ప్రాంగణం ఉంది. విజయవాడ బస్సులో ఎన్నోసార్లు దాన్ని దాటి ఉంటారు. అక్కడ నేలలో అనేక బోర్లు వేసి, ఒకదాంట్లోంచి నీళ్లు తోడితే పక్క బోర్లలో మట్టం ఎలా మారుతుందో, వాన నీరు ఎక్కడి నుంచి ఎంత కిందికి ఇంకుతుందో ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. ఈ పని భారత, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి నడిపిన భూగర్భజల పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. 1999లో మొదలైన ఆ కేంద్రంలో రెండు దేశాల పరిశోధక విద్యార్థులూ పని చేశారు. వాళ్లు మహేశ్వరం దగ్గర, చౌటుప్పల్ దగ్గర చూసి చెప్పిన విషయం ప్రతి రైతుకూ తెలియాల్సింది. మన గ్రానైటు నేలలో పైన మొరం, దాని కింద పగుళ్లున్న రాతి పొర, ఆ కింద గట్టి రాయి ఉంటాయి. నీళ్లు పారేది ఎక్కువగా ఆ మధ్య పొరలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. నీళ్లు పడలేదని బోరుబండి వాడు ఇంకో రెండు వందల అడుగులు దించమన్నప్పుడు, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో ఈ ఒక్క బొమ్మ చెబుతుంది. బోర్ల అప్పుల్లో మునిగిన ఇళ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి, మా ఊళ్లోనూ ఉన్నాయి. ఈ సంగతి ఇంకా ప్రతి ఊరికీ చేరలేదన్నది నా మనసులో ముల్లులా ఉంది.

ఇలాంటి కేంద్రాలు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లోనే టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వారి కేంద్రం భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మధ్య విభాగాల గోడలు లేకుండా నడుస్తోంది. జర్మనీలో 1968 నుంచి ఉమ్మడి పరిశోధన కేంద్రాలకు ప్రత్యేకంగా నిధులిస్తున్నారు, ఒక్కో కేంద్రానికి 12 ఏళ్ల దాకా. ఒక ప్రశ్నకు 12 ఏళ్లు ఇవ్వడం అన్న ఆలోచన నాకు నచ్చుతుంది. ఎముకలో ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి పేరుకుంటుంది, మన ప్రాజెక్టులేమో మూడేళ్లకు ముగుస్తాయి.

ఇక పరిశోధన పత్రం మీద ఉండే పేరు గురించి. ఇది కష్టమైన విషయం, దాచకుండా మాట్లాడాలి. 2015లో జెనీవా దగ్గరి సెర్న్ భౌతిక శాస్త్ర ప్రయోగశాల నుంచి హిగ్స్ అనే అతి సూక్ష్మ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక పత్రానికి 5,154 మంది రచయితలు. అందులో ఒక పరిశోధక విద్యార్థి పేరు ఎక్కడ కనిపిస్తుంది? ఉమ్మడి పనిలో నిజమైన ప్రమాదం ఇదే. పాలమూరు నుంచి వలస వెళ్లిన మట్టి పని గుంపులు దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు కట్టాయి. తవ్వేవాళ్లు, తట్ట నింపేవాళ్లు, మోసేవాళ్లు. కట్ట లేచాక ఎవరి తట్ట ఎక్కడ పడిందో ఎవరూ చెప్పలేరు. శిలాఫలకం మీద ఆ పేర్లలో ఒక్కటీ ఉండదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన విద్యార్థులు ఇక్కడ ఉన్నారు, మీ తాతలను అడగండి, వాళ్లు ఏ రాష్ట్రంలో ఏ కట్ట మీద పని చేశారో చెబుతారు. సైన్సులో మనం అలా జరగనివ్వకూడదు. ఇప్పుడు చాలా పత్రికలు ఒక పత్రంలో ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా విడదీసి రాయమంటున్నాయి. ఆలోచన ఎవరిది, కొలిచింది ఎవరు, లెక్కలు ఎవరివి, మొదటి ప్రతి రాసింది ఎవరు అని. పని మొదలుపెట్టే రోజే ఈ మాట ఎత్తండి. అడిగితే పెద్దవాళ్లు ఏమనుకుంటారో అని నేను మొదటి పత్రం విషయంలో నోరు మూసుకున్నాను. ఎనిమిది నెలలు ఎండలో నేను పట్టిన నమూనాలతో వచ్చిన ఆ పత్రంలో నా పేరు అయిదోది. రెండో పత్రానికి ముందే అడిగాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

నా ప్రయోగ పుస్తకంలో ప్రతి పేజీ కింద తేదీ, సంతకం పెట్టే అలవాటు అప్పుడే వచ్చింది. మీరూ పెట్టుకోండి.

డబ్బు మాట కూడా చెబుతాను, ఎందుకంటే ఇళ్లలో మొదట అడిగేది అదే. కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్), యూజీసీ ఉమ్మడిగా పెట్టే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న మొత్తాలు ఇవి. ఇంటి అద్దె భత్యం వేరు. సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలల్లో చేరినవాళ్లకు డిగ్రీని 2012లో అమల్లోకి వచ్చిన చట్టంతో ఏర్పడిన ఏసీఎస్‌ఐఆర్ అనే సంస్థ ఇస్తుంది. వాళ్ల కోర్సులో గ్రామీణ జనానికి పనికొచ్చే ఒక అంశం మీద కొన్ని వారాలు పని చేయడం తప్పనిసరి. నాకు చేతనైతే ఈ నియమాన్ని ప్రతి విశ్వవిద్యాలయంలో పెడతాను. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, కాబట్టి మొదట్లో చేతిలో కొంత ఉంచుకుని వెళ్లండి. ఇంట్లో అప్పు ఉంటే ఆ సంగతి ముందే కూర్చుని లెక్క వేసుకోండి. అప్పు తీర్చడానికి ముందు ఉద్యోగంలో చేరి నాలుగేళ్ల తర్వాత పరిశోధనకు వచ్చినవాళ్లు మా కేంద్రంలో ఉన్నారు, వాళ్ల పని ఎవరికీ తీసిపోలేదు.

ఏ కేంద్రంలో చేరాలా అని చూస్తున్నప్పుడు భవనాలు, పరికరాల జాబితా చూసి ఆగిపోకండి. అక్కడ ఇప్పుడు చదువుతున్న విద్యార్థితో విడిగా పది నిమిషాలు మాట్లాడండి. వీలైతే మధ్యలో మానేసిన విద్యార్థితోనూ మాట్లాడండి. పెద్ద పరికరం మీద కొత్త విద్యార్థికి సమయం దొరుకుతుందా, పక్క ల్యాబ్ వాళ్లతో కలిసి భోజనం చేస్తారా అని అడగండి. భోజనం సంగతి తేలికగా తీసుకోకండి. బోర్డు మీద ఉమ్మడి కేంద్రం అని రాసి ఉండి, లోపల ఎవరి తలుపు వాళ్లు వేసుకునే చోట్లు కూడా ఉన్నాయి. పప్పు సంగతి ఏ సమావేశంలోనూ రాలేదు, అన్నం దగ్గర వచ్చింది.

ఇంకా చెప్పాల్సింది ఉంది కానీ, అటు ఒక తమ్ముడు చాలాసేపటి నుంచి చేయెత్తి ఉంచాడు. అడుగు బాబూ.

(మర్రిగూడ మండలం నుంచి వచ్చిన ఒక విద్యార్థి: మేడం, మా ఊళ్లో నల్లా నీళ్లు వస్తున్నాయి కానీ ఎండాకాలం ఒక్కోసారి బోరు నీళ్లే తాగుతాం. మా బోరు నీళ్లు మీరు పరీక్షిస్తారా?)

తప్పకుండా. నువ్వు పట్టి తీసుకురా, ఇద్దరం కలిసి పరీక్షిద్దాం. నువ్వే కొలుద్దువుగాని. కాగితం ఉంటే రాసుకో. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకో. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టకు, పైపులో రాత్రి నిలిచిన నీళ్లు పోయేదాకా కొన్ని నిమిషాలు వదిలెయ్. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, నాలుగోసారి మెడ దాకా నింపి మూత బిగించు. సీసా మీద ఊరి పేరు, బోరు ఎవరిది, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీన ఎన్ని గంటలకు పట్టావో రాయి. కింద పట్టినవాళ్ల పేరు రాయాలి, అది నీ పేరే. ఆ బోరు వేసినప్పుడు మొరం ఎన్ని అడుగుల దాకా వచ్చిందో, రాయి ఎక్కడ తగిలిందో మీ నాన్నగారికి గుర్తుంటే అదీ రాసుకుని రా. ఇంట్లో పప్పు ఎంతసేపట్లో ఉడుకుతుందో అమ్మను అడుగు. వచ్చే శనివారం పొద్దున పది గంటలకు నేను ఇక్కడే ఉంటాను.